గోదావరి డెల్టా నుంచి హిమాలయాలకు: రెండు ఖండాలు ఢీకొన్న నేలను నిదానంగా చూసి రావడం ఎలా

కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళకి ఎత్తు అంటే ఏటిగట్టు. అమలాపురం నుంచి అంతర్వేది దాకా వెళ్ళినా, భీమవరం నుంచి నరసాపురం దాకా వెళ్ళినా నేల ఎక్కడా లేవదు. ఇదంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. అందుకేనేమో, హిమాలయాలు చూడాలన్న కోరిక మనవాళ్ళలో చాలా గట్టిగా ఉంటుంది. ఈమధ్య ప్యాకేజీ టూర్లు కూడా బాగా పెరిగాయి. విమానంలో లద్దాఖ్‌లోని లేహ్‌లో దింపుతారు. మొదటి రోజు తలనొప్పి, తర్వాత పాంగాంగ్ సరస్సు, ఆ తర్వాత నుబ్రా లోయ, మళ్ళీ విమానం. మంచు, సరస్సు ఫోటోలు మిగులుతాయి. రెండు ఖండాలు గుద్దుకున్న చోటు మీదే నాలుగు రోజులు తిరిగామన్న సంగతి మాత్రం చాలామందికి తెలియకుండానే తిరిగొచ్చేస్తారు.

నా సలహా ఒకటే. రైల్లో, రోడ్డు మీద, ఎత్తు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్ళండి. సముద్రమట్టం దగ్గర బతికే ఒంటికి అదే మేలు. ఆ కొండలు ఎలా పుట్టాయో వరసగా కళ్ళకి కనబడేది కూడా అలా వెళ్తేనే. దానికి నాకు నచ్చిన దారి రాజమండ్రి నుంచి ఢిల్లీ, జమ్ము, శ్రీనగర్, కార్గిల్, లేహ్.

ముందు కథ తెలుసుకోండి

బయల్దేరే ముందు ఒక సాయంత్రం ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. ఇది తెలియకపోతే దారిలో కనిపించేవన్నీ ఉత్త రాళ్ళే.

భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా విడిపోయి, చాలా మెల్లగా కదులుతూ ఉంటుంది. ఒకప్పుడు మన దేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా అన్నీ దక్షిణార్ధగోళంలో గోండ్వానా అనే ఒకే భూభాగంగా కలిసి ఉండేవి. మన పలక దాన్నుంచి విడిపోయి ఉత్తరం వైపు సాగింది. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా కదిలింది. పలకల లెక్కలో అది చాలా ఎక్కువ వేగం. మనకీ ఆసియాకీ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు ఆసియా కిందికి దిగిపోతూ వచ్చింది. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం పూర్తిగా మూసుకుపోయి, రెండు ఖండాలు గుద్దుకున్నాయి. గోడకి ఆనించిన చాపని ఇవతలి నుంచి నెడితే మడతలు పడి పైకి లేస్తుంది కదా, సముద్రం అడుగున పేరుకున్న పొరలన్నీ అలా లేచాయి. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. ఆ శిఖరం మీద ఉన్నది సముద్రంలో తయారైన సున్నపురాయి.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంకా పెరుగుతున్నాయా? పెరుగుతున్నాయి. మన పలక ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతోంది. అందులో సుమారు 2 సెంటీమీటర్ల కదలికని హిమాలయాలే తమలో ఇముడ్చుకుంటున్నాయి. ఆ ఒత్తిడి పేరుకుని ఒక్కసారిగా వదిలినప్పుడు భూకంపాలు వస్తాయి. 1905లో కాంగ్రా, 2005లో కశ్మీర్, 2015లో నేపాల్ భూకంపాలు అలా వచ్చినవే.

ఇంటి దగ్గరి పాత కొండలతో మొదలుపెట్టండి

హిమాలయాల కంటే ముందు పాపికొండలు చూడండి. ఇదివరకు చూసినా సరే, ఈసారి రాయి కోసం చూడండి. తూర్పు కనుమలు కూడా ఖండాలు గుద్దుకోవడం వల్లే పుట్టాయి, కాకపోతే ఆ ఘటన సుమారు 100 కోట్ల ఏళ్ళ నాటిది. అప్పుడు మన తూర్పు కనుమలూ, అంటార్కిటికా తూర్పు భాగమూ ఒకే పర్వతశ్రేణి. ఇంత కాలంలో ఆ కొండల పైభాగమంతా అరిగిపోయింది. భూమి లోపల ఎంతో లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికిన కొండ వేర్లు ఇప్పుడు బయటపడ్డాయి. ఖోండలైట్, చార్నోకైట్ అనే రాళ్ళు అవే. హిమాలయాల కింద లోతుల్లో ఈరోజు రాయి ఎలా మారుతూ ఉందో ఊహించాలంటే పాపికొండల అంచున నిలబడితే చాలు. ఈ రాయిలో ఎర్రటి గార్నెట్ గింజలు ఉంటాయి. మన సముద్రతీరపు ఇసుకలో నల్ల చారల పక్కనే కనిపించే ఎర్ర చారలు కూడా ఆ గార్నెట్ గింజలే. వానలకీ ఏర్లకీ అరిగి, కొట్టుకొచ్చి తీరం చేరాయి.

బోటు షికారుకి చలికాలం మంచిది. వరద ఉన్నప్పుడు బోట్లు ఆపేస్తారు కాబట్టి ముందు కనుక్కుని వెళ్ళండి. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కొద్దు, పిల్లలకి సరిపోయే సైజు అడిగి తీసుకోండి.

ఇంకో రోజు గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం వైపు వెళ్ళిరండి. అక్కడి క్వారీల్లో నల్లరాయి ఉంటుంది. రోడ్ల మీద వేసే కంకర చాలావరకు దాన్నుంచే. అది లావా. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావాల కాలానిది. లావా పొరల మధ్య నీటిజీవుల శిలాజాలున్న సున్నపురాయి కూడా దొరికింది. ఈ నల్లరాతి రంగు, విరిగే తీరు బాగా గుర్తుపెట్టుకోండి. శ్రీనగర్‌లో పనికొస్తుంది. పేలుళ్ళు జరిగే క్వారీల్లోకి మాత్రం దిగకండి, రోడ్డు పక్కన కనిపించేది చాలు.

ఎప్పుడు వెళ్ళాలి

వ్యవసాయం ఉన్నవాళ్ళకి రెండు అవకాశాలు. దాళ్వా కోతలు అయిపోయి, ధాన్యం అమ్ముకుని, కాలువలు కట్టేసిన తర్వాత, అంటే మే చివర నుంచి జూన్ నెలాఖరు దాకా ఒకటి. సార్వా నాట్లు, కలుపు అయ్యాక సెప్టెంబరులో రెండోది. నేనైతే సెప్టెంబరుకే ఓటేస్తాను. జూన్‌లో కొండ కనుమల్లో మంచు ఇంకా కరుగుతూ రోడ్డు బురదగా ఉంటుంది. సెప్టెంబరు మూడో వారానికి వానలు తగ్గి, ఆకాశం తేటపడి, దూరపు కొండల చారలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. రొయ్యల చెరువులున్నవాళ్ళు పంట పట్టేసిన తర్వాతి విరామం చూసుకోవాల్సిందే.

జూలై, ఆగస్టుల్లో వద్దు. లద్దాఖ్‌లో వాన చాలా తక్కువే, కానీ అక్కడికి చేర్చే జమ్ము, హిమాచల్ దారుల్లో కొండచరియలు విరిగిపడేది ఆ నెలల్లోనే. పైగా అమర్‌నాథ్ యాత్ర ఆ సమయంలోనే జరుగుతుంది, సోనమార్గ్ పక్కనున్న బాల్టాల్ దాకా రోడ్డంతా రద్దీ. చలికాలంలో శ్రీనగర్ నుంచి లద్దాఖ్‌లోకి దాటించే జోజి లా కనుమని మూసేస్తారు.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

ఇక్కడ నిర్లక్ష్యం చేయకండి. మన ఊళ్ళు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్నాయి. లేహ్ 3,500 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన దగ్గరికంటే మూడో వంతు తక్కువ. వయసులో ఉన్నవాళ్ళూ, జిమ్‌కి వెళ్ళేవాళ్ళూ కూడా దీనికి లోబడినవాళ్ళే. కండబలానికీ దీనికీ సంబంధం లేదు.

రెండు నెలల ముందు నుంచి రోజూ ముప్పావుగంట వేగంగా నడవండి. చదునైన నేల మీద నడక ఒక్కటే సరిపోదు, ఎక్కడం అలవాటవ్వాలి. వారానికోసారి కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లు ఎక్కండి, బాగా నిటారుగా ఉంటాయి. అన్నవరంలో కూడా ఘాట్ రోడ్డు వదిలేసి మెట్లదారిన వెళ్ళండి. దగ్గర్లో ఏ కొండా లేనివాళ్ళకి అపార్ట్‌మెంట్ మెట్లున్నాయి.

గుండె జబ్బు, ఆస్తమా, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ సరేనన్న తర్వాతే టికెట్లు చేయించుకోవాలి. ఎత్తుకి అలవాటు పడటానికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి అప్పుడే అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. మెడికల్ షాపులో సొంతంగా కొని వేసుకోవద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు రాత్రిపూట అది గడ్డకట్టకుండా ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఇక నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న చోటికీ మర్నాటి రాత్రి పడుకునే చోటికీ మధ్య తేడా 500 మీటర్లు మించకూడదు. పగలు ఎంత ఎత్తెక్కి దిగినా పర్వాలేదు, పడక ఎత్తే ముఖ్యం. మొత్తం ప్రయాణాన్ని దీన్ని బట్టే అల్లుకోవాలి. నేను మనాలి దారిన ఎక్కమని చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ దారిలో చాలామంది మధ్యలో ఆగే సర్చు సుమారు 4,300 మీటర్లు. డెల్టా నుంచి వచ్చినవాళ్ళకి అక్కడ రాత్రి నరకం. శ్రీనగర్ దారి అలా కాదు. శ్రీనగర్ 1,600, కార్గిల్ 2,700, ఆల్చీ 3,100, ఆ తర్వాత లేహ్ 3,500.

సామాను, కాగితాలు, ఫోను

కొబ్బరినూనె సీసా ఇంట్లో వదిలేయండి. చలికి గడ్డకట్టి సీసాలోంచి రాదు. వేజలీన్ తీసుకెళ్ళండి. గాలి బాగా పొడిగా ఉంటుంది, ఉక్కపోతకి అలవాటైన మన పెదాలు, మడమలు రెండు రోజుల్లో పగిలిపోతాయి. ఒకే మందపాటి స్వెట్టర్ కన్నా పల్చటి దుస్తులు మూడు పొరలుగా వేసుకోవడం మంచిది. నల్ల కళ్ళద్దాలు, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళండి, కానీ గాజు సీసాలొద్దు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ మూత బిగించిన ప్యాకెట్లు లోపలి గాలికి ఉబ్బుతాయి, నూనె కారుతుంది. స్టీలు డబ్బాలో పెట్టి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టండి. లేహ్‌లో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా అన్నం సరిగా ఉడకదు. హోటల్లో అన్నం పలుకుగా ఉందని వంటవాడి మీద కోప్పడకండి. మొదటి రెండు రోజులు తేలిగ్గా తినడమే మంచిది, మద్యం పూర్తిగా మానాలి.

ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. ఈ సంగతి తెలియక మొదటి రోజే ఇంటివాళ్ళని టెన్షన్ పెట్టినవాళ్ళు ఎందరో. ఒరిజినల్ ఆధార్ కార్డు చేతికందేలా ఉంచుకోండి, చెక్‌పోస్టులు చాలా ఉంటాయి. పాంగాంగ్, నుబ్రా, త్సో మోరిరి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి, ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. వేరే చోట మాట్లాడుకున్న టాక్సీని లేహ్‌లో చుట్టుపక్కల తిప్పడానికి అక్కడి టాక్సీ యూనియన్ ఒప్పుకోదు. కార్గిల్ నుంచి లేహ్ దాకా ఒక బండి, లేహ్‌లో స్థానిక బండి అని ముందే అనుకోండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి బయల్దేరే వారం ముందు పరిస్థితులు కనుక్కోవడం మర్చిపోవద్దు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సామర్లకోట, రాజమండ్రిల నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. విజయవాడ నుంచి నేరుగా జమ్ము అవతలి కట్రా వెళ్ళే అండమాన్ ఎక్స్‌ప్రెస్ వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. కట్రా నుంచి శ్రీనగర్‌కి 2025 జూన్ నుంచి వందే భారత్ నడుస్తోంది. నదీగర్భానికి 359 మీటర్ల ఎత్తున కట్టిన చినాబ్ వంతెన ఆ దారిలోనే వస్తుంది.

దారిలో ఏం చూడాలి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టుకోండి. ప్రతి చోటా మూడు ప్రశ్నలు వేసుకోండి: రాయి రంగేమిటి? పొరలు పడుకుని ఉన్నాయా, వాలి ఉన్నాయా, నిలబడి ఉన్నాయా? రాయిలో గులకలున్నాయా, గింజలున్నాయా, మెరుపుందా? ఫోటో తీసేటప్పుడు పక్కన పెన్ను పెడితే కొలత తెలుస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ భూకోష్ పోర్టల్‌లో ఆ ప్రాంతాల భూగర్భ పటాలుంటాయి, సిగ్నల్ ఉన్నప్పుడే ఫోన్‌లో దించుకోండి.

జమ్ము దాటి కట్రా వెళ్ళే రైలుమార్గాన్ని పగటిపూట దాటేలా చూసుకోండి. అవి శివాలిక్ కొండలు. కోసిన గట్లలో నున్నటి గుండ్రటి గులకలు మట్టిలో పొదిగి కనిపిస్తాయి. గులక గుండ్రబడాలంటే ఏరు దొర్లించాలి. అంటే కొండగా నిలబడ్డ ఆ నేల ఒకప్పుడు నది అడుగు. హిమాలయాలు లేస్తూ, అరుగుతూ ఉంటే ఏర్లు ఆ రాళ్ళూ మట్టీ తెచ్చి దక్షిణాన పోశాయి. పలక నెట్టుడు ఆగకపోవడంతో ఆ పోసిన దాన్నే మళ్ళీ పైకి లేపింది. ఏటి మట్టి మీద పుట్టినవాళ్ళం కదా, ఈ కొండలు మనకి ఇట్టే అర్థమవుతాయి.

శ్రీనగర్‌లో రెండు రాత్రులుండండి. దాల్ సరస్సు ఎలాగూ చూస్తారు. పక్కనే ఉన్న శంకరాచార్య కొండ ఎక్కి కాళ్ళ కిందికి చూడండి. మళ్ళీ నల్లరాయి! పంజాల్ ట్రాప్స్ అంటారు. ఇదీ లావాయే, కానీ పంగిడి లావాకంటే చాలా పాతది, సుమారు 29 కోట్ల ఏళ్ళది. గోండ్వానా ఉత్తరపు అంచు చీలి, టెథిస్ సముద్రం తెరుచుకోవడం మొదలైన కాలంలో పొంగింది. సముద్రం పుట్టుక గుర్తు ఇక్కడుంది. అది మూసుకుపోయిన గుర్తు చూడటానికే మీరు ముందుకు వెళ్తున్నారు. పాంపోర్ దగ్గర కుంకుమపువ్వు పండే మెట్ట నేలలు ఒకప్పటి సరస్సు అడుగు మట్టి. ఆ నేలని కరేవా అంటారు.

మూడో రోజు తెల్లారకముందే బయల్దేరండి. సోనమార్గ్ సొరంగం 2025 జనవరిలో తెరిచారు, దాంతో ఆ ముక్క దారి సులువైంది. తర్వాత జోజి లా, 3,500 మీటర్ల పైచిలుకు. ఇరుకు రోడ్డు, కింద లోయ. వాహనాల్ని వదిలే సమయాలు మారుతుంటాయి, డ్రైవర్ చెప్పినట్టు వినండి. కనుమ దాటగానే పచ్చదనం తగ్గిపోతుంది. ఋతుపవనాల మబ్బుల్ని హిమాలయాలు ఇవతలే అడ్డుకుంటాయి. మన సార్వా పంటకి వచ్చే వానల బలంలో కూడా ఆ అడ్డుగోడకి పాత్ర ఉంది.

ద్రాస్ దగ్గర యుద్ధ స్మారకం చూశాక చుట్టూ ఉన్న ముదురు ఆకుపచ్చ, నల్లటి రాళ్ళు గమనించండి. టెథిస్ సముద్రంలో ఒకప్పుడు అగ్నిపర్వతాల ద్వీపాలు వరసగా ఉండేవి. రెండు ఖండాలు దగ్గరవుతుంటే అవి మధ్యలో నలిగిపోయాయి. ద్రాస్ రాళ్ళు వాటివే. ఆ రాత్రి కార్గిల్‌లో పడుకోండి. ఎవరికైనా తలనొప్పి ఉంటే అక్కడే ఇంకో రాత్రి ఆగండి.

కార్గిల్ నుంచి ఆల్చీ దాకా సాగే దారి ఈ ప్రయాణం మొత్తానికీ ప్రాణం. దీనికి పూర్తి పగలు కేటాయించి, బండి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేలా డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి. షర్గోల్ దగ్గర ఆకుపచ్చ, ఎరుపు, నలుపు ముక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. సముద్రపు అడుగు ఆసియా కిందికి దిగిపోతుంటే దానిమీది నుంచి గీరుకుపోయి పోగుపడ్డ రాళ్ళవి. ముల్బెక్‌లో నిలువు బండ మీద చెక్కిన పెద్ద మైత్రేయ బుద్ధుడి విగ్రహం రోడ్డు పక్కనే ఉంది. ఫోతు లా కనుమ 4,108 మీటర్లు, ఆ దారిలో అన్నిటికంటే ఎత్తు. దిగి ఫోటో తీసుకోండి కానీ పరుగెత్తకండి. తర్వాత వచ్చే లామయూరు దగ్గర పసుప్పచ్చటి మట్టి దిబ్బల్ని అందరూ చంద్రలోకం అంటూ ఫోటోలు తీస్తారు. అది ఎండిపోయిన పాత సరస్సు మట్టి, పలకల తాకిడి తర్వాత చాలా కాలానికి ఏర్పడింది. అసలు చూడాల్సింది దాని చుట్టూ ఉన్న ముదురు రంగు కొండల్ని. ఒకప్పుడు లోతు సముద్రంలో పేరుకున్న సన్నటి బురద అది. పొరలు పొరలుగా మడతపడి, నలిగి ఉంటుంది.

లామయూరులో రాత్రి ఆగకుండా కిందికి దిగి ఆల్చీలో పడుకోమంటాను. అక్కడ ఎత్తు 400 మీటర్లు తక్కువ, నిద్ర పడుతుంది. పొద్దున్నే ఆల్చీ మఠంలోని పాత కుడ్యచిత్రాలు చూడొచ్చు.

ఆల్చీకి ముందే, ఖల్సే దగ్గర మన రోడ్డు సింధు నదిని చేరుకుంటుంది. అక్కడి నుంచి లేహ్ దాకా కిటికీకి రెండు వైపులా చూస్తూ ఉండండి. ఒక పక్క బూడిద రంగు గ్రానైట్ కొండలు. టెథిస్ అడుగు ఆసియా కిందికి దిగినప్పుడు లోపల కరిగిన రాయి పైకి లేచి, భూమి లోపలే చల్లబడి అలా గట్టిపడింది. అది ఆసియా అంచు. ఇంకో పక్క ఊదా, ఎరుపు, ఆకుపచ్చ చారలతో పొరలు నిట్టనిలువుగా నిలబడి ఉంటాయి. మూసుకుపోతున్న సముద్రం మిగిల్చిన పల్లంలో ఏర్లు తెచ్చి పోసిన ఇసుక, గులక అవి. పడుకున్న పొరల్ని రెండు ఖండాల ఒత్తిడి అలా నిలబెట్టింది. ఈ రెండిటి మధ్య సాగే పట్టీని భూగర్భ శాస్త్రంలో సింధు సంధి మండలం అంటారు. నిమ్ము దగ్గర జంస్కార్ నది వచ్చి సింధులో కలిసే చోట రెండు నీళ్ళ రంగులూ కాసేపు విడివిడిగా కనిపిస్తాయి. సెప్టెంబరులో ఈ తేడా బాగా తెలుస్తుంది.

లేహ్‌లో

మొదటి రోజు కనీసం సగం విశ్రాంతి. సాయంత్రం శాంతి స్తూపం దగ్గరికి బండిలోనే వెళ్ళండి. మీ కాళ్ళ కింద గ్రానైట్, ఆసియా వైపుది. ఎదురుగా సింధు లోయ. దాని అవతల స్టోక్ కొండల నిలువు పొరలు. ఆ కొండల వెనక జంస్కార్ శ్రేణిలో భారత పలక అంచున పేరుకున్న సముద్రపు పొరలుంటాయి. ఒక్క చూపులో రెండు ఖండాలు కలిసిన చోటు ఇంత స్పష్టంగా కనిపించే ఊళ్ళు ప్రపంచంలో చాలా తక్కువ. గంటసేపు అక్కడే కూర్చోండి, ఎండ పక్కవాటుగా పడేటప్పుడు పొరలు ఒక్కొక్కటే తేలతాయి.

తర్వాత పాంగాంగ్ అయినా, నుబ్రా అయినా మీ ఇష్టం. నన్నడిగితే మూడో రోజున సింధు వెంట ఉప్షీ దాటి గ్యా, మీరూ అనే ఊళ్ళ వైపు వెళ్ళిరమ్మంటాను. అక్కడి ఊదారంగు నిలువు పొరలు ఇంకా దగ్గరగా, రోడ్డుకి ఆనుకుని ఉంటాయి. రాత్రికి లేహ్ వచ్చేయొచ్చు.

మైల్డ్‌గా తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజు ఇంకా ఎత్తుకి వెళ్ళకుండా ఉంటే చాలావరకు తగ్గుతుంది. కూర్చున్నా ఆయాసం రావడం, నురగతో దగ్గు, నడకలో తూలడం, మాట తికమకపడటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఆక్సిజన్ ఇప్పిస్తూ వెంటనే కిందికి దించాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ మెమోరియల్ ఆసుపత్రి ఈ కేసులకి అలవాటైనది. పెద్దవాళ్ళు మొహమాటానికి చెప్పరు, రోజుకి రెండుసార్లు మీరే అడగండి.

యాత్రకి వెళ్ళేవాళ్ళకి

అమ్మమ్మ, తాతయ్యలతో బదరీనాథ్ వెళ్తున్నారా? అదే దారిలో కొంత చూడొచ్చు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర యాత్ర రిజిస్ట్రేషన్ చేయించుకుని, రుషికేశ్ నుంచి రెండు రోజులుగా ఎక్కండి. జోషీమఠ్‌కి ముందు హేలంగ్ ప్రాంతంలో మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అనే పెద్ద పగులు సాగుతుంది. లోతున ఉడికిన గట్టి రాయి ఆ పగులు వెంట దక్షిణానికి జరిగి, మెత్తటి రాళ్ళ మీదికి ఎక్కేసింది. అక్కడి నుంచి కొండలు ఒక్కసారిగా నిటారుగా మారడానికి కారణం అదే. ఆ పగులు పరిసరాల్లోనే వేడినీటి ఊటలు ఎక్కువ. బదరీనాథ్ గుడి ముందు మీరు స్నానం చేసే తప్తకుండం కూడా వాటిలో ఒకటి.

ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళకి ఇంకో భాగ్యం ఉంది. మన ఇళ్ళలో పూజామందిరంలో ఉండే సాలగ్రామాలు ఆ కిందుగా పారే కాళీ గండకి నదిలో దొరుకుతాయి. వాటి లోపల చుట్లు చుట్లుగా కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల. డైనోసార్ల కాలంలో టెథిస్ సముద్రంలో బతికింది. తరతరాలుగా అభిషేకం చేస్తున్న రాయిలో ఆ సముద్రం దాగి ఉందని తెలిశాక నాకు భక్తి పెరిగిందే తప్ప తగ్గలేదు. నేపాల్‌కి పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి. పోఖరాలో రెండు రాత్రులు, జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి పైకి వెళ్ళండి. సుమారు 3,700 మీటర్ల ఎత్తుకి ఒక్క రోజులో హెలికాప్టర్‌లో ఎక్కి దిగే ప్యాకేజీలు పెద్దవాళ్ళకి మంచివి కావు.

తిరుగు ప్రయాణం

దారిలో శిలాజాలు, రంగురాళ్ళు ఏరుకోవద్దు, అమ్మితే కొనొద్దు. ఫోటో, నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు చాలు.

వచ్చేటప్పుడు లేహ్ నుంచి ఢిల్లీకి విమానం తీసుకోండి. ఎత్తు నుంచి దిగడం కాబట్టి ఒంటికి ఇబ్బంది లేదు. కిటికీ సీటు అడగండి. స్టోక్, జంస్కార్ శ్రేణులు, మహా హిమాలయం, ఆ తర్వాత శివాలిక్ కొండలు, చివరికి మైదానం, అన్నీ కాసేపట్లో వరసగా దాటతాయి. నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని పిల్లల చేత పేర్లు చెప్పించండి. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, వాతావరణం బాగోకపోతే రద్దవుతుంటాయి. అందుకని ఢిల్లీ నుంచి రాజమండ్రి రైలుని అదే రోజుకి పెట్టుకోవద్దు, మర్నాటికి చేయించుకోండి.